కరువుకి అలవాటైన జంతువుకి కలిమి పడదు

కోతికి అరటిపండు పెడితే పుణ్యమని మనలో చాలామంది నమ్మకం. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద కార్లు ఆపి మరీ పెడతారు. ఆ అలవాటుతోనే అమెరికాలో కోతికి దూరపు చుట్టాలైన లెమూర్లని చూడబోతే ముందు నోట్లోంచి వచ్చే మాట ‘‘పండేమైనా పెట్టొచ్చా?’’ అని. నార్త్ కరోలినాలో డర్హమ్ దగ్గరున్న డ్యూక్ లెమూర్ సెంటర్‌కి కేరీ, మోరిస్‌విల్ ఏమంత దూరం కాదు, ఆ ఊళ్ళ నిండా తెలుగువాళ్ళే. పెట్టకూడదన్న జవాబు విని మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మనిషి చేతిలో పెరిగే లెమూర్లకి వచ్చే జబ్బుల్లో పెద్ద వాటా మనం ఎక్కువ పెట్టడం వల్ల వచ్చేదేనన్నది నా వాదన. తిండి ఒక్కటే అనుకోకండి. వెచ్చదనం, వెలుతురు, శుభ్రత, ఏది మన లెక్కలో ధారాళంగా ఇచ్చినా దానికి చేటే.

లెమూర్లు సహజంగా ఉండేది మడగాస్కర్‌లోనే. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసిన లెక్క ప్రకారం 107 జాతుల్లో 103 ముప్పులో ఉన్నాయి, అందులో 33 జాతులది చివరి దశ. ఆ దీవి వాతావరణాన్ని నమ్మడానికి లేదు. ఒక ఏడు వాన ముందొస్తుంది, ఒక ఏడు ఎగ్గొడుతుంది. తూర్పు తీరాన్ని తుపాన్లు కొడతాయి. పడమటి అడవులు సగం ఏడాది మోడువారి ఉంటాయి. రానోమఫానా నేషనల్ పార్కు ఏర్పాటుకి కారకురాలైన ప్యాట్రీషియా రైట్ 1999లో ఒక వివరణ ఇచ్చారు: లెమూర్లలో మనకి వింతగా కనబడే లక్షణాల్లో చాలావాటి వెనక పొదుపు ఉంది. ఒంటి సైజుకి తగ్గ వేగంతో జీవక్రియ నడవదు, మందంగా నడుస్తుంది. ఏడాదిలో కొద్ది రోజులే ఎదకు వస్తాయి. తిండి దగ్గర ఆడదానిదే ముందు వంతు. పొద్దున్నే ఎండకి పొట్ట చూపిస్తూ కూర్చోవడం కూడా ఒంట్లో ఇంధనం కాల్చకుండా వేడెక్కే ఉపాయమే.

దక్షిణాన బెరెంటీ అడవిలో ఉంగరాల తోక లెమూర్లు నది ఒడ్డున చింతతోపుల్ని పట్టుకుని బతుకుతాయి. చిగురు, పువ్వు, పచ్చికాయ, పండు, ఏ కాలానికి ఏది దొరికితే అది. చింతచిగురు పప్పు తిని పెరిగిన మనకి ఆ పులుపూ వగరూ తెలియనివి కావు. అక్కడి లెమూర్ తూగితే 2.2 కిలోలు. జూలలో 3 కిలోలు దాటినవి మామూలే.

డ్యూక్ కేంద్రం 1966లో మొదలైంది. జాన్ బ్యూట్నర్-జానుష్ అనే శాస్త్రజ్ఞుడు యేల్ యూనివర్సిటీ నుంచి తన జంతువుల్ని వెంటబెట్టుకుని వచ్చారు, డ్యూక్ యూనివర్సిటీలో అప్పటికే ఇంకో శాస్త్రజ్ఞుడు పీటర్ క్లాప్ఫర్ ఉన్నారు. ఇప్పుడక్కడ 200 పైచిలుకు జంతువులు. మడగాస్కర్ బయట ఇన్ని రకాల లెమూర్లు ఒకచోట ఇంకెక్కడా లేవు. పరిశోధన అనగానే సూదులూ కోతలూ గుర్తొస్తాయి గానీ, జంతువుకి హాని చేసే ప్రయోగాలు అక్కడ ఒప్పుకోరు. చూడటం, వినడం, పెంటికలు ఏరి పరీక్షించడం, బరువు రాసిపెట్టడం, ఇదీ పని.

ఇక తిండి సంగతి. మన మార్కెట్లో దొరికే పండు తీపి కోసం తరతరాలుగా ఎంచి ఎంచి పెంచింది. చక్కెర దండి, పీచు తక్కువ. అడవిపండు దానికి తిరగబడ్డ సరుకు: నారెక్కువ, తీపి కొంచెం, గింజ పెద్దది. అరటిపండ్ల మీద పెరిగిన లెమూర్‌కి ముందు విరేచనాలు పలచబడతాయి, తర్వాత ఒళ్ళు వస్తుంది, ఆ తర్వాత షుగరు వస్తుంది. అందుకని రోజు తిండిలో మంకీ బిస్కెట్టుదీ కూరగాయలదీ ఆకులదీ పైచేయి. బిస్కెట్టుని గ్రాముల్లో తూచి వేస్తారు. పండుని చిన్న ముక్కలు చేసి, ఎక్కువ భాగం శిక్షణలో బహుమానంగా ఇవ్వడానికి దాచుకుంటారు.

ఆ బిస్కెట్టులోనూ ఒక మెలిక ఉంది. అది పేరుకి తగ్గట్టే కోతుల కోసం చేసింది. కోతులకీ మనకీ ఒంట్లో విటమిన్ సి తయారవదు, తిండిలోంచే రావాలి. అందుకని కంపెనీలు దండిగా కలుపుతాయి. లెమూర్లు ఆ పాత శక్తిని పోగొట్టుకోలేదు, విటమిన్ సి వాటి ఒంట్లోనే తయారవుతుంది. పైనుంచి వచ్చిన అదనపు విటమిన్ సి చేసే పని, తిండిలోని ఇనుముని పేగులు ఇంకా ఎక్కువగా పీల్చుకునేలా చేయడం. అడవిలో ఆకుల్లోని వగరు, అంటే టానిన్లు, ఇనుముని పట్టి బయటికి తోసేసేవి. బోనులో వగరు లేదు, పైగా బిస్కెట్టులో ఇనుము ఎక్కువ. రోజురోజుకీ కాలేయంలో ఇనుము పేరుకుంటుంది. బయటికి ఏ లక్షణమూ కనబడదు. చాలాసార్లు చచ్చిపోయాక కోసి చూస్తేనే బయటపడేది. అన్ని జాతులకీ ఈ బెడద ఒకే మోతాదులో ఉండదు గానీ జాగ్రత్త అన్నిటికీ ఒకటే: ఇనుము తక్కువున్న బిస్కెట్టు ఎంచుకోవాలి, నారింజ, నిమ్మ జాతి పళ్ళు దాంతో కలిపి పెట్టకూడదు, వగరున్న ఆకు వీలైనంత ఇవ్వాలి. లెమూర్ మేతలో చింతకాయలు కలిపే జూలు కూడా ఉన్నాయి. కాయ కొరికి, పులుపుకి కళ్ళు చికిలించి, మళ్ళీ కొరుకుతాయి.

ఆకు సంగతి వచ్చింది కాబట్టి సిఫాకా అనే లెమూర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కోకెరెల్ సిఫాకా నాలుగు కిలోల జంతువు, తెల్లటి బొచ్చు, తొడల మీదా చేతుల మీదా ముదురు గోధుమరంగు మచ్చలు. నిలువు కొమ్మ నుంచి నిలువు కొమ్మకి ఒక్క ఊపున ఇరవై అడుగులు గెంతుతుంది. దాని పొట్టలో ఉన్నది పులియబెట్టే కార్ఖానా. ఆకులోని పీచుని పొడవైన పేగుల్లో బ్యాక్టీరియా పులియబెడితేనే దానికి బలం. పండో రొట్టెముక్కో నాలుగు రోజులు ఎక్కువ పడితే ఆ బ్యాక్టీరియా సమతూకం చెడి, పొట్ట ఉబ్బి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంత చిన్న జంతువు ఒంట్లోంచి నీళ్ళు పోతే తట్టుకునే వ్యవధి బహు తక్కువ. పాత రోజుల్లో సిఫాకాల్ని బోనుల్లో బతికించడం ఎవరికీ చేతకాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఈనాడు అమెరికా జూలలో ఉన్నవాటి మూలం చాలావరకు డ్యూకే.

డ్యూక్‌లో వాటికి పెట్టే ఆకుల్లో పెద్దది సుమాక్. మామిడి, జీడి కుటుంబానికి చెందిన పొద, అక్కడ రోడ్డు పక్కన కలుపులా పెరుగుతుంది. వేసవంతా కోసుకొచ్చి, ఆకు దూసి, సంచుల్లో నింపి, ఫ్రీజర్లలో పెట్టి చలికాలానికి దాస్తారు. చలికాలం నార్త్ కరోలినాలో చెట్లన్నీ మోడులైపోతాయి కాబట్టి ఈ నిల్వ లేకపోతే సిఫాకా గతి అంతే. కోసేటప్పుడు చూడాల్సింది ఆకు ఈనె. మంచి సుమాక్‌లో జత ఆకుల మధ్య ఈనె వెంబడి పచ్చటి సన్నపు రెక్క ఉంటుంది, కాయలు ఎర్రగా గుత్తిగా పైకి నిలబడతాయి. విషపు సుమాక్‌కి ఈనె నున్నగా ఉంటుంది, కాయలు తెల్లగా వేలాడతాయి, అది తడినేలల్లోనే పెరుగుతుంది. దాని పాలు తగిలితే జీడిసొన తగిలినట్టే ఒళ్ళు కాలి బొబ్బలెక్కుతుంది. రోడ్డు అంచున పురుగుమందో కలుపుమందో కొట్టారేమో కనుక్కోవాలి. కోసిన కొమ్మని వెంటనే నీడకి చేర్చాలి, వాడిపోయిన ఆకుని సిఫాకా వాసన చూసి వదిలేస్తుంది. ఫ్రీజర్లోంచి తీసింది ఎప్పటికప్పుడు కరిగించి పెట్టాలి, మిగిలింది మళ్ళీ గడ్డకట్టించకూడదు.

తెలిసిన తిండి కూడా ఎప్పుడు తిరగబడుతుందో చెప్పలేం. 2016 అక్టోబరులో డ్యూక్‌లో నాలుగు ఐ-ఐలు రెండు రోజుల్లోపే చచ్చిపోయాయి. ఐ-ఐ అంటే పుల్లలాంటి నడివేలితో చెక్క మీద తట్టి, లోపలి డొల్ల చప్పుడు విని, పురుగుని లాక్కు తినే, రాత్రి తిరిగే లెమూర్. అవొకాడోలో ఉండే పర్సిన్ అనే విషం మీద అనుమానం ఉందని ఆ సంస్థే బయటికి చెప్పింది. పక్షులకీ మేకలకీ ఆ పర్సిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుందని పశువైద్యులకి ముందే తెలుసు. మనుషులు ఇష్టంగా తినేది కదా అని వేరే జంతువు గిన్నెలో వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. బోనులో మొదటిసారి ఐ-ఐ పిల్ల పుట్టింది కూడా అక్కడే, 1992లో. అంత అనుభవమున్న చోటే ఇలా జరిగింది.

ఐ-ఐకి మెత్తటి పండు కన్నా పని ముఖ్యం. కొబ్బరికాయ, చెరుకుగడ, తొలిచి పురుగులు నింపి మూతేసిన దుంగ, ఇవీ దానికి పెట్టాల్సినవి. దాని ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడానికి గట్టిది లేకపోతే పళ్ళు వంకర తిరుగుతాయి. అందుకే చెక్కతో కట్టిన గది దానికి నిలవదు, సిమెంటుని సైతం గీకుతుంది.

వెలుతురు సంగతి తిండి కన్నా సున్నితం. లెమూర్ ఒంట్లో క్యాలెండరు పగటి పొడవుని బట్టి తిరుగుతుంది. మడగాస్కర్‌లో ఉంగరాల తోక లెమూర్లు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈనుతాయి. పిల్ల పాలు విడిచే వేళకి వానలు పడి లేత ఆకు సిద్ధంగా ఉంటుంది. ఉత్తరార్ధగోళానికి తెచ్చేసరికి ఆ లెక్క ఆరు నెలలు జరిగి, మార్చి, ఏప్రిల్‌లో పిల్లలు పుడతాయి. చూలు నాలుగున్నర నెలలు. ఆడది ఎదలో ఉండేది ఒక్క రోజు కూడా నిండదు. అది తప్పితే దాదాపు నలభై రోజులు ఆగాలి. అలా రెండో మూడో విడతలో కట్టిన చూలైతే పిల్ల ఎండాకాలంలో పుడుతుంది, చలి వచ్చేనాటికి దానికి తగినంత ఒళ్ళు పట్టదు.

రాత్రి తిరిగే జాతుల గదుల్లో దీపాల్ని తలకిందులు చేస్తారు. మన పగటివేళ మసక ఎర్ర వెలుతురు, మన రాత్రివేళ తెల్ల దీపాలు. ఇక్కడ చెడేవన్నీ చిన్నవే. కరెంటు పోయి వచ్చాక టైమరు మొదటి గంటకి పోతుంది. ఎవరో తలుపు తెరిచి బయటి వెలుగు లోపలికి వదులుతారు. ఎగ్జిట్ బోర్డు దీపం రాత్రంతా వెలుగుతుంది. మనకి కంటికి ఆనని ఆ కాస్త వెలుగే ఎలుక లెమూర్ ఒంటికి కాలం మారిందని చెప్పేస్తుంది. అరవై గ్రాముల ఆ జంతువు పగలు పన్నెండు గంటలకి మించితే ఎదకు వస్తుంది, తగ్గితే కొవ్వు పోగేస్తుంది. పారిస్ దగ్గర బ్రునోయ్‌లో మార్టిన్ పెరే దీన్నే పరీక్షించి 1997లో ప్రచురించారు. దీపాలతో ఏడాదిని కుదించి రుతువుల్ని వేగంగా తిప్పితే, ఎలుక లెమూర్ల సగటు ఆయుష్షు పావు వంతుకి పైగా తగ్గిపోయింది. గడిచిన నెలలతో కాక, తిరిగిన రుతుచక్రాలతో వాటి ఆయుష్షు సరిపోలింది. టైమరు సరిచూడటాన్ని ఎలక్ట్రీషియన్ పనిగా తీసిపారేసేవాళ్ళు ఈ ఒక్క ఫలితం గుర్తుంచుకుంటే చాలు.

లావు తోక మరుగుజ్జు లెమూర్ కథ ఇంకా గొప్పది. మడగాస్కర్‌లో అది తోకలో కొవ్వు నింపుకుని ఏడు నెలల దాకా చెట్టు తొర్రలో సుప్తావస్థలో ఉంటుంది. ఉష్ణదేశపు ప్రైమేట్ (లెమూర్లూ కోతులూ మనమూ ఉన్న గుంపులోది) ఇలా నిద్రపోతుందని కాత్రిన్ డాస్మన్ 2004లో చూపించేదాకా లోకం నమ్మలేదు. బోనుల్లో మాత్రం దశాబ్దాల పాటు దాన్ని నిద్రపోనివ్వలేదు. చలి తగలకుండా ఏడాదంతా వెచ్చగా ఉంచి, వేళకి గిన్నె నింపారు. పాపం, మంచి చేస్తున్నామనే అనుకున్నారు. తర్వాత డ్యూక్‌లోనే ఎనిమిదింటికి చలికాలం ఇచ్చి చూశారు. పగలు పన్నెండు గంటల నుంచి తొమ్మిదిన్నరకి తగ్గించారు, గది వేడిని 25 డిగ్రీల నుంచి 13 దరిదాపులకి దించారు, తొర్రల్లాంటి పెట్టెలు పెట్టారు, లేచినప్పుడు తినడానికి తిండి అందుబాటులో ఉంచారు. ఆ నాలుగు నెలల్లో అవి సుమారు 70 శాతం కాలం మొద్దునిద్రలో గడిపాయి, ఒక్కో విడత పదకొండు రోజుల దాకా సాగింది. నిమిషానికి 200 సార్లు కొట్టుకునే గుండె ఎనిమిదికి పడిపోయింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య పది నిమిషాల ఎడం. తిండి దాదాపు అక్కర్లేకుండానే గడిచిపోయింది. తరతరాలుగా బోనులో పుట్టినా ఆ విద్య వాటికి పోలేదు.

ఈ పని చేసేవాళ్ళు ముందు బరువు చూసుకోవాలి. తోక సన్నగా ఉన్నదాన్ని నిద్రకి పంపకూడదు, మధ్యలో ఇంధనం అయిపోతుంది. నిద్రలో ఉన్నదాన్ని పదేపదే ముట్టుకుని లేపకూడదు, ఒళ్ళు మళ్ళీ వేడెక్కడానికి అయ్యే ఖర్చు తోకలోంచే పోతుంది. చచ్చిపోయిందేమోనని కంగారుపడి దీపం కింద పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

కాపురం సంగతి. ఆలిసన్ జాలీ బెరెంటీలో చూసి 1966లో రాసినదాకా ప్రైమేట్లలో ఆడవి పెత్తనం చేస్తాయంటే శాస్త్రజ్ఞులు అంతగా పట్టించుకోలేదు. ఉంగరాల తోక లెమూర్లలో చిన్న ఆడది కూడా పెద్ద మగదాన్ని గిన్నె దగ్గర్నుంచి ఒక్క చరుపుతో లేపేస్తుంది. అందుకని గిన్నెలు జంతువుల కన్నా ఒకటో రెండో ఎక్కువ ఉండాలి, ఒకదాని నుంచి ఇంకోటి చూపుకి ఆనకుండా పెట్టాలి. మగవి తమలో తాము తోకలతో పోట్లాడతాయి. మణికట్టు లోపలి గ్రంథినీ భుజం దగ్గరి గ్రంథినీ తోకకి బాగా రుద్ది, తోకని తల మీదుగా వంచి ఎదుటిదాని వైపు విసురుతాయి. రక్తం చిందదు.

ఆడవాటి గొడవ అలా కాదు. ఒక ఆడదాన్ని మిగతావి ఎంచుకుని వెంటాడటం ఉంది. డ్యూక్‌లో 1980ల్లో దీన్ని దగ్గరగా పరిశీలించారు. అడవిలో అయితే తరిమేసినది వేరే దారి చూసుకుంటుంది, కంచెలో దానికి దారేది? మొదటి గుర్తులు తేలిగ్గా దాటిపోతాయి. అందరూ ఒక ముద్దలా ఒరిగి పడుకున్నప్పుడు ఒకటి విడిగా కూర్చుంటుంది, గిన్నె దగ్గరికి చివర్న వచ్చి రెండు ముక్కలు పట్టుకుని పోతుంది, నేల మీద తిరగడం ఎక్కువవుతుంది. వారం వారం బరువు తూచేది ఇందుకే. కొలబద్దలాంటి కర్రని ముక్కుతో తాకమని నేర్పి, ఆ కర్ర వెంట తక్కెడ ఎక్కించి, ఎండుద్రాక్ష ముక్క ఇస్తే ఎవరూ పట్టుకోకుండానే పని అయిపోతుంది. దీనికి ఆసరాగా గదికి ఎప్పుడూ రెండు ద్వారాలుండాలి, మూల గదులు ఉండకూడదు.

శుభ్రత మీద కూడా ఒక మాట. లెమూర్ ఊరి హద్దులన్నీ వాసనలే. కొమ్మలన్నీ ఒకేసారి మందు వేసి కడిగేస్తే వాటికి తమ ఇల్లు పరాయిదైపోతుంది, ఆ రోజంతా మళ్ళీ రాసుకుంటూ, ఒకదాని మీద ఒకటి విసుక్కుంటూ తిరుగుతాయి. సగం కొమ్మలు ఈ వారం, సగం వచ్చే వారం. అంట్లు తోమినంత శ్రద్ధ ఇక్కడ పనికిరాదు.

డ్యూక్‌లో వెచ్చటి నెలల్లో వాటిని కంచె వేసిన అడవిలోకి వదులుతారు. అక్కడ ఆకు తామే వెతుక్కుంటాయి, డేగ కనిపిస్తే ఒక కేక, నేల మీద కుక్కో నక్కో కనిపిస్తే వేరే కేక వేస్తాయి. ప్రమాదాలూ ఉన్నాయి: విషపు పాము, గుడ్లగూబ. అన్నిటికన్నా భయపడాల్సింది ఊరపిల్లికి. పిల్లి మలంలోంచి వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి మనలో చాలామందికి జలుబులా పోతుంది, ఉంగరాల తోక లెమూర్‌ని మాత్రం కొద్ది రోజుల్లోనే చంపేస్తుంది. లెమూర్లుండే చోట పిల్లికి పాలు పోసే దయగలవాళ్ళకి ఉద్యోగం ఇవ్వకూడదు, వెటకారం కాదు.

ఇంత చేసి వాటిని మడగాస్కర్‌కే పంపొచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. 1997 నుంచి 2001 దాకా మూడు విడతల్లో 13 నలుపు తెలుపు రఫ్డ్ లెమూర్లని బెటాంపోనా అడవిలో వదిలారు. కొన్నింటిని ఫోసా అనే అక్కడి వేటజంతువు తినేసింది. ఒక మగది అడవి ఆడదానితో కలిసి పిల్లల్ని కన్నది. అడవులు తగ్గిపోతూ ఉండగా పెట్టెలు దింపినంత మాత్రాన జాతి నిలబడదని అప్పుడు తేటపడింది. అందుకే ఇప్పుడు ఆ కేంద్రం ఈశాన్య మడగాస్కర్‌లోని సావా ప్రాంతంలో అడవుల రక్షణకీ స్థానికుల చదువుకీ డబ్బు, మనుషులని పెడుతోంది. నా లెక్కలో అది సరైన ఖర్చు. డర్హమ్‌లో ఉన్నవి కష్టకాలానికి దాచిన విత్తనం, వాటి మీద దశాబ్దాలుగా రాసిన బరువులూ పుట్టుకలూ చావులూ 2014లో 27 రకాల జంతువులకి సంబంధించి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

ఒప్పుకోలేనిది పెంపుడు లెమూర్. 2016లో బెరెంటీలో వీపు గోకించుకునే లెమూర్ వీడియో ఒకటి లోకమంతా తిరిగింది, తనకీ ఒకటి కావాలన్న ట్వీట్లు ఒక్కసారిగా పెరిగాయని తర్వాత లెక్కతేల్చారు. రెండు మూడేళ్ళకి ఈడొచ్చాక ఆ ముద్దులదే ఇంట్లోవాళ్ళని కొరుకుతుంది.

మన దగ్గర లెమూర్లు లేవు గానీ వాటి దాయాది ఉంది. చిత్తూరు, తిరుపతి వైపు అడవుల్లో తిరిగే దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్). వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పట్టుకున్నా ఇంట్లో ఉంచుకున్నా నేరం. నాటుమందులకీ చేతబడులకీ దాన్ని పట్టుకెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు. రోడ్డు పక్కనో తోటలోనో ఒకటి దొరికితే కొమ్మతో సహా అట్టపెట్టెలో పెట్టి, గాలి ఆడేలా చిల్లులు చేసి, పైన బట్ట కప్పి, చీకట్లో ఉంచి అటవీశాఖకి ఫోన్ చేయండి. కొమ్మ వదలకపోతే గుంజొద్దు, కొమ్మే కోయండి. అది పురుగులు తిని బతికేది. పాలు పోయొద్దు, అరటిపండు అసలే పెట్టొద్దు.